పాత పెట్రోలు ట్రాక్టరులో 6 వోల్టుల జ్వలన వ్యవస్థను 12 వోల్టులకు మార్చడం

అమెరికాలో 1947 నుండి 1952 వరకు తయారైన ఫోర్డ్ 8ఎన్ ట్రాక్టరులో 6 వోల్టుల బ్యాటరీ ఉండేది. దాని ధన ధ్రువాన్ని ఎర్త్ చేసేవారు. తెలుగు రాష్ట్రాలలో వాడుకలో ఉన్న డీజిల్ ట్రాక్టర్లలో ఇంధనం సంపీడన వేడికే మండుతుంది కనుక వాటికి స్పార్కుతో పని లేదు. అయినా ఓమ్ నియమం యంత్రంపై ఎలా పనిచేస్తుందో చూడదలచిన విద్యార్థికి 8ఎన్ మంచి ఉదాహరణ.

ఒకే సామర్థ్యం పొందడానికి 6 వోల్టుల వద్ద రెట్టింపు కరెంటు కావాలి. అందువల్ల సన్నని కేబుళ్లలో, చిలుము పట్టిన టెర్మినళ్ల వద్ద వోల్టేజి నష్టం హెచ్చుగా ఉంటుంది. చలికాలంలో స్టార్టరు మందగించడానికి చాలాసార్లు ఇదే కారణం. ముందు వీటిని సరిచేయాలి. కొన్ని ట్రాక్టర్లకు అంతటితో మార్పు అవసరమే ఉండదు.

మార్పు తప్పనిసరైతే అసలు చిక్కు ఇగ్నిషన్ కాయిల్ వద్ద వస్తుంది. ప్రైమరీ చుట్ట నిరోధం 1.5 ఓములు అనుకుంటే, పాయింట్లు మూసి ఉన్నప్పుడు 6 వోల్టుల వద్ద 4 ఆంపియర్లు ప్రవహిస్తాయి. బ్యాటరీ మాత్రమే మార్చితే కరెంటు 8 ఆంపియర్లవుతుంది. వేడి మాత్రం 24 వాట్ల నుండి 96 వాట్లకు, అంటే నాలుగింతలకు చేరుతుంది. పాయింట్లు మాడిపోతాయి, కాయిల్ కాలిపోతుంది. శ్రేణిలో 1.5 ఓముల నిరోధకాన్ని కలిపితే కరెంటు మళ్లీ 4 ఆంపియర్లకు దిగుతుంది. ఆ నిరోధకంలోనూ 24 వాట్ల వేడి పుడుతుంది కనుక దానిని తీగలకు దూరంగా బిగించాలి. 3 ఓముల కాయిల్ వాడితే నిరోధకం అక్కరలేదు. రెండూ పెడితే స్పార్కు బలహీనపడుతుంది. కాయిల్‌పై ముద్రించిన మాటను నమ్మడం కంటే మల్టీమీటరుతో కొలవడం మేలు. ముందువైపు డిస్ట్రిబ్యూటరు గల నమూనాలలో డ్యాష్‌బోర్డు వెనుక ఒక నిరోధకం ముందే ఉంటుంది. దానినీ లెక్కలో చేర్చాలి.

జనరేటరు స్థానంలో సాధారణ ఆల్టర్నేటరు అమర్చినప్పుడు బ్యాటరీ ఋణ ధ్రువాన్ని ఎర్త్ చేయాలి. పాత పద్ధతిలోనే కలిపితే ఆల్టర్నేటరు డయోడ్లు తక్షణమే పాడవుతాయి. గుండ్రని కాయిల్ ఉన్నచోట దాని ఋణ టెర్మినల్‌ను డిస్ట్రిబ్యూటరుకు కలపాలి. అమ్మీటరు తీగలను తారుమారు చేయాలి, బల్బులను మార్చాలి. స్టార్టరును మార్చనవసరం లేదు. ధ్రువాలు మారినా ఫీల్డులో, ఆర్మేచరులో కరెంటు ఒకేసారి దిశ మార్చుకుంటుంది కనుక అది పూర్వపు దిశలోనే తిరుగుతుంది. అయితే దానిని ఎక్కువసేపు తిప్పకూడదు.

మూడు తీగల ఆల్టర్నేటరు అమర్చిన తరువాత తాళం తీసినా ఇంజను ఆగకపోవచ్చు. ఆల్టర్నేటరు నుండి ఎక్సైటర్ తీగ ద్వారా కరెంటు వెనుకకు కాయిల్‌కు చేరడమే ఇందుకు కారణం. ఆ తీగలో కరెంటు ఆల్టర్నేటరు వైపే పోయేటట్లు ఒక డయోడును అమర్చితే ఇంజను తాళంతోనే ఆగుతుంది.