నూరు కోట్ల మూరల విగ్రహం

కార్టూన్ చిత్రం నవ్వుకోవడానికనీ, చరిత్ర చదువుకోవడానికనీ మనలో ఒక అభిప్రాయం స్థిరపడి ఉంది. ఆ రెంటి నడుమ గోడ మనమనుకున్నంత దిట్టమైనది కాదని చూపే ఒక హాస్యకథను ఇక్కడ పరిశీలిద్దాం. “ఫ్యూచరామా” అనే అమెరికన్ టెలివిజన్ ధారావాహికలో 2002లో ప్రసారమైన “ఎ ఫారో టు రిమెంబర్” అనే భాగమది. మాట్ గ్రేనింగ్ సృష్టించిన ఈ ధారావాహిక సుమారు వేయి సంవత్సరాల తరువాతి లోకాన్ని ఊహించి నవ్విస్తుంది.

కథానాయకుడు బెండర్ అనే రోబో. తన తదనంతరం లోకం తనను మరచిపోతుందన్న దిగులు అతనిని పీడిస్తుంది. మిత్రులు ఫ్రై, లీలాలతో కలిసి సరుకు చేరవేయడానికి ఒసైరిస్ 4 అనే గ్రహానికి వెళతాడు. అక్కడ ప్రాచీన ఈజిప్టు ఆచారాలే నడుస్తుంటాయి. వచ్చినవారిని బానిసలుగా పట్టుకొని, ఫారో స్మారక నిర్మాణంలో పని చేయిస్తారు. ఆ ఫారో ప్రమాదంలో మరణించగా, రాబోయే రాజును తెలిపే శాసనాన్ని బెండర్ రహస్యంగా తన పేరున మార్చి సింహాసనమెక్కుతాడు. నిన్నటి బానిస నేడు పీడకుడవుతాడు. కథలోని చేదునిజం ఇదే.

నూరు కోట్ల మూరల ఎత్తున తన విగ్రహం నిలపాలని అతని ఆజ్ఞ. ఈజిప్టు రాజమూర దాదాపు 52 సెంటీమీటర్లు. లెక్క వేసి చూడండి: విగ్రహం ఎత్తు సుమారు 5,20,000 కిలోమీటర్లవుతుంది. భూమికి చంద్రుడున్న దూరం 3,84,000 కిలోమీటర్లే! అంతటి విగ్రహం పూర్తయినా బెండరుకు తృప్తి కలగదు. కూల్చి మళ్ళీ కట్టమంటాడు. విసిగిపోయిన పురోహితులు అతనిని, మిత్రులతో సహా, ఆ విగ్రహంలోనే సజీవ సమాధి చేస్తారు. చివరకు విగ్రహాన్ని పేల్చివేస్తే గాని వారు బయటపడలేరు.

ఈ కథలో సూక్ష్మమైన వ్యంగ్యం మరొకటి ఉంది. గ్రహాంతరవాసులే ఈజిప్టు వంటి ప్రాచీన నాగరికతలకు విద్యలు నేర్పారన్న వాదాన్ని ఎరిక్ ఫాన్ డానికెన్ 1968లో వెలువరించిన గ్రంథం లోకమంతటా ప్రచారం చేసింది. ఈ కథలో ఒసైరిస్ వాసులు దానిని తలక్రిందులు చేస్తారు: తామే ఈజిప్టుకు వెళ్ళి పిరమిడ్ల నిర్మాణాన్నీ, చివరకు అంతరిక్షయానాన్నీ నేర్చుకొని వచ్చామంటారు! మానవుని చేతిపనిని శంకించేవారికి ఇది తగిన సమాధానం.

అయితే కొరడా దెబ్బల బానిసలే పిరమిడ్లు కట్టారన్న పాత ఊహను ఈ కథ విడువలేదు. చరిత్ర వేరుగా చెబుతున్నది. గీజాలో 1990 నుంచి బయల్పడిన పనివారి సమాధులు పిరమిడ్ల చెంతనే ఉన్నాయి. బానిసలకు అట్టి గౌరవం దక్కదని పండితుల అభిప్రాయం. 2013లో ఎర్రసముద్ర తీరాన వాదీ అల్ జర్ఫ్‌లో దొరికిన పపైరస్ పత్రాలలో మెరెర్ అనే అధికారి దినచర్య ఉన్నది. తూరా గనుల సున్నపురాయిని పడవలపై గీజాకు చేర్చిన వివరాలను అతడు రోజువారీగా వ్రాసి ఉంచాడు. అది ఖూఫూ ఫారో మహాపిరమిడ్ నిర్మాణకాలం, అంటే దాదాపు 4,500 సంవత్సరాల నాటి మాట.

ఆ పిరమిడ్ మొదటి ఎత్తు సుమారు 146 మీటర్లు. మరి దానిని కట్టించిన ఖూఫూ రూపం ఎంత మిగిలింది? అతని పేరుతో పూర్తిగా నిలిచిన ప్రతిమ ఒక్కటే. 1903లో ఫ్లిండర్స్ పెట్రీ అబైడోస్‌లో కనుగొన్న ఆ దంతపు బొమ్మ ఎత్తు ఏడున్నర సెంటీమీటర్లు! తన పేరు నిలవాలని పాకులాడని మెరెర్ మాత్రం, చేసిన పనిని శ్రద్ధగా వ్రాసినందువల్ల నేటికీ మనతో మాట్లాడుతున్నాడు.

అహంకారిని “ఫిరౌన్” అనడం ఉర్దూ మాట్లాడే మన ఇళ్ళలో వాడుక. ఆ మాట పరులకే కాదు, అధికారం చేతికందిన నాడు మనకూ వర్తించవచ్చునని బెండర్ కథ హెచ్చరిస్తున్నది. విద్యార్థి మిత్రులారా! హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఒక ఈజిప్టు మమ్మీ ఉన్నది. దానిని చూడబోయినప్పుడు, లోపల ఉన్నది ఎవరని అడగడంతో ఆగకండి. ఆ వస్త్రాన్ని నేసినవారెవరు, అంత ఓర్పుతో చుట్టినవారెవరు అని కూడా అడగండి. చరిత్ర పాఠం అక్కడే ప్రారంభమవుతుంది.