వేపాకు కషాయంతో జింకు నానో కణాలు

జింకు అనగానే మా ఇంట్లో ముందు వరిచేనే గుర్తుకొస్తుంది. ఆకుల మీద తుప్పురంగు మచ్చలు పడితే జింకు సల్ఫేటు పిచికారీ చేస్తాం. అదే జింకు ఆక్సిజన్‌తో కలిస్తే తెల్లని పొడి అవుతుంది. కాలమైన్ లోషన్‌లోనూ, పసిపిల్లల చర్మం ఒరిసిపోతే రాసే ఆయింట్‌మెంట్లలోనూ ఉండే జింకు ఆక్సైడు ఇదే.

ఈ పొడిని నానో కణాలుగా, అంటే 100 నానోమీటర్ల లోపు రేణువులుగా చేస్తే లాభమేమిటి? లెక్క వేసి చూడండి. ఒక సెంటీమీటరు భుజం గల ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 10 నానోమీటర్ల ఘనాలుగా కోస్తే మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లు. రైతు భాషలో చెప్పాలంటే సుమారు 15 సెంట్ల నేల! సూక్ష్మజీవులకు తగిలేది ఈ ఉపరితలమే. అక్కడి నుంచే జింకు అయాన్లు కరుగుతాయి, హైడ్రోజన్ పెరాక్సైడు వంటివి పుడతాయి. బాక్టీరియా పొర దెబ్బతింటుంది.

తయారీ సులువే. కడిగిన వేపాకుని స్వేదనజలంలో మరిగించి వడగట్టి, ఆ కషాయంలో జింకు నైట్రేటు వేసి, ముద్ద అయ్యేదాకా కలియబెడుతూ వేడిచేస్తారు. ముద్దను ఫర్నేసులో 400 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర రెండు గంటలు కాలిస్తే పొడి మిగులుతుంది. దీన్నే హరిత సంశ్లేషణ అంటున్నారు.

ఒక్క మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. కషాయం లోహాన్ని క్షయకరణం చేస్తుందని చాలామంది రాసేస్తారు. వెండి కణాల సంగతిలో అది నిజం. జింకుకి నైట్రేటులోనూ +2, ఆక్సైడులోనూ +2. ఇక క్షయకరణం ఎక్కడిది? ఆకులోని ఫ్లేవనాయిడ్లు, టానిన్లు జింకు అయాన్లను పట్టుకుని, రేణువులు ఒకదానికొకటి అంటుకుని పెరిగిపోకుండా చూస్తాయి. తర్వాత ఫర్నేసులో అవి చాలావరకు కాలిపోతాయి. అలాంటప్పుడు "వేప గుణం పొడిలోకి దిగింది" అంటే నమ్మేదెలా? ఆకు లేకుండా చేసిన అదే సైజు పొడినీ, ఉత్త కషాయాన్నీ, ఉత్త జింకు లవణాన్నీ పక్కపక్కన పెట్టి పరీక్షిస్తే గాని తేలదు.

పైగా చైత్రంలో వచ్చే చిగురూ, ముదురాకూ ఒకటి కాదు (నమిలి చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు). మందన్నాక ప్రతి వాయీ ఒకేలా ఉండాలి కదా! గాజుపళ్ళెంలో బాక్టీరియా చచ్చిందని ఒంటికి పనికొస్తుందనీ అనలేం. మోతాదు మించితే ఆ జింకు అయాన్లే మన కణాలనూ చంపుతాయి.

"హరిత" అన్న మాటకీ హద్దుంది. జింకు నైట్రేటు కాలేటప్పుడు వచ్చే గోధుమరంగు పొగ నైట్రోజన్ డయాక్సైడు, ఊపిరితిత్తులకు చెడ్డది. ఎసిటేటు వాడితే ఆ పొగ రాదు గాని, ఫర్నేసు కరెంటు ఖర్చు తప్పదు.