కారు బ్రేకు డిస్కు: ఏది వేయించాలి?

తమ్ముళ్లారా! మన హాస్టల్లో చదివి డ్రైవింగులోనో, మెకానిక్ పనిలోనో స్థిరపడినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకూ, ఆ దారిన పోయే మీకూ ఈ నాలుగు మాటలు.

ఒకసారి బద్వేలు నుంచి ఆత్మకూరుకు వస్తూ వెలికొండ దిగుతున్నాం. టాక్సీలో ఏడుగురం. ఉన్నట్టుండి బ్రేకు పెడలు మెత్తబడి లోపలికి దిగిపోయింది. డ్రైవరు గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగి కారును గట్టుకు చేర్చాడు. షెడ్డులో విప్పితే డిస్కు అరిగి పల్చబడి ఉంది.

ఎందుకలా? గతిశక్తి సూత్రం గుర్తు చేసుకోండి. 1000 కిలోల కారు గంటకు 36 కి.మీ. వేగంలో ఉంటే దాని శక్తి 50,000 జౌళ్లు, 72 కి.మీ. వేగంలో 2,00,000. వేగం రెట్టింపు, శక్తి నాలుగింతలు! బ్రేకు వేస్తే అదంతా వేడిగా మారుతుంది. పల్చని డిస్కు ఆ వేడిని మోయలేదు. బ్రేకు ఆయిలు మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడలు దిగిపోతుంది.

ఒకే పలకగా ఉండే సాలిడ్ డిస్కు చవక, చిన్న కార్లకు చాలు. రెండు పలకల మధ్య గాలి సందులున్న వెంటిలేటెడ్ డిస్కు త్వరగా చల్లారుతుంది. అయితే దాని మందం ఎక్కువ, సాలిడ్ డిస్కు చోట పట్టదు. రంధ్రాల డిస్కు నా దృష్టిలో సోకే. రంధ్రాల దగ్గర పగుళ్లు రావచ్చు. గాడుల డిస్కు ప్యాడ్లను తొందరగా అరగదీస్తుంది. కాబట్టి మీ కారుకు కంపెనీ చెప్పిన రకం, చెప్పిన కొలతే వేయించండి.

కనీస మందం మామూలుగా డిస్కు మీదే ముద్రించి ఉంటుంది. ఇంటర్ ల్యాబులో మార్కుల కోసం తిప్పిన స్క్రూ గేజి ఇక్కడ పనికొస్తుంది. వెర్నియర్ అయితే అరగని అంచుకు తగిలి ఎక్కువ చూపిస్తుంది. అంతకన్నా తగ్గితే రెండు వైపులా మార్చి, ప్యాడ్లు కూడా కొత్తవే వేయించండి.