వరికోత యంత్రాలలో కందెన స్థితి: చిత్ర విశ్లేషణతో పరిశీలన

గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ ప్రాంతాలలో ఖరీఫ్ వరి కోతలు ప్రధానంగా నవంబరు, డిసెంబరు నెలలలో సాగుతాయి. ఇదే తుఫానుల కాలం కూడా. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ తుఫాను కృష్ణా డెల్టా వరికి తీవ్ర నష్టం కలిగించింది. ఇటువంటి తరుణంలో కోత యంత్రం ఒక్కరోజు ఆగినా పంట చేజారవచ్చు. తడి ఒండ్రు నేలల్లో తిరిగే యంత్రపు బేరింగులు, గేర్లలోకి నీరు, మట్టి చేరితే కందెన దెబ్బతింటుంది. దివిసీమ తీర చేలలోని లవణాలు తుప్పును మరింత వేగిరపరుస్తాయి.

ప్రయోగశాల పద్ధతి

బేరింగు గోళీకి, గాడికి మధ్య నిలిచే కందెన పొర మందం సాధారణంగా ఒక మైక్రాన్ కంటే తక్కువ. గోహార్, కామెరాన్ 1963లో ఈ పొరను కాంతి వ్యతికరణం ద్వారా కొలిచిన ఫలితాలను ప్రకటించారు. నేటి పరికరాలలో పలుచని క్రోమియం పూత గల గాజు ఫలకంపై ఉక్కు గోళీ దొర్లుతుంది. పూత నుండి, గోళీ నుండి పరావర్తనం చెందిన కాంతి కలిసి రంగుల పట్టీలు ఏర్పడతాయి. ప్రతి పిక్సెల్ రంగును ప్రామాణిక రంగులతో పోల్చి మందపు పటం రూపొందిస్తారు. పొర మందం రెండు తలాల సంయుక్త గరుకుదనానికి మూడు రెట్లు మించితే లోహాలు దాదాపు తాకవు. ఒక రెట్టుకు తగ్గితే అరుగుదల పెరుగుతుంది.

క్షేత్ర పద్ధతి

పొలంలోని యంత్రానికి గాజు ఫలకం అమర్చలేము కనుక వాడిన ఇంజను నూనెనే చిత్రీకరించాలి.

1. ఇంజను వేడిగా ఉండగా డిప్‌స్టిక్ నుండి ఒక చుక్కను వడపోత కాగితంపై వేయాలి. కాగితం అడుగు దేనికీ తగలకుండా ఉంచి ఆరనివ్వాలి.
2. పక్కన కొత్త నూనె మచ్చను ఉంచి, ఎప్పుడూ ఒకే వెలుతురులో, ఒకే ఎత్తు నుండి ఫోటో తీయాలి.
3. మచ్చ నడిమి భాగపు, వెలుపలి వలయపు సగటు నలుపు స్థాయిలను కొలిచి నమోదు చేయాలి.

మసి అంచు వరకు సమంగా పరచుకుంటే నూనెకు మసిని విడదీసి ఉంచే శక్తి మిగిలి ఉన్నట్లు. నడుమ నల్లగా గడ్డకట్టి అంచు తెగినట్లు కనిపిస్తే నూనె మార్చాలి. అంచు రంపపు పళ్ళవలె ఉంటే నీరు చేరిందని అనుమానించాలి.

పరిమితులు

ఈ మచ్చ గేర్లు, బేరింగుల అరుగుదలను తెలుపదు. అందుకు గేరు నూనెలోని ఇనుప రేణువులను అయస్కాంతంతో గాజు పలకపై పేర్చి, సూక్ష్మదర్శిని చిత్రాలలో వాటి ఆకారాన్ని పరిశీలించాలి. లేతు చెక్కువలె చుట్టుకున్న రేణువులు ఇసుక కోతకు, ఎర్రని ఆక్సైడు రేణువులు నీటి ప్రవేశానికి సూచనలు.

ఒక్క ఫోటోతో నిర్ణయానికి రాకూడదు. ఒకే యంత్రపు చిత్రాలను కోతలకు ముందునుండి క్రమంగా పోల్చినప్పుడే మార్పు తెలుస్తుంది. సీళ్ళు, నూనె మార్చుకొనే వ్యవధి కోతలకు ముందే దొరుకుతుంది. విస్తరణ శాస్త్రవేత్తలు యంత్రాల అద్దె కేంద్రాలలో ఈ నమోదును అలవాటు చేయించడం మేలు.