బ్యాటరీపై వ్రాసిన అంకె

హొసపేటయొద్ద తుంగభద్ర జలాశయము కట్టిననాడు దానియందు సుమారు 133 టి.ఎం.సి.ల నీరు నిలుచునని లెక్కించిరి. 1953 నుండి ఒండ్రు పేరుకొనగా, నేడు దాని నిలువను 105.788 టి.ఎం.సి.లుగానే లెక్కించుచున్నారు. వ్రాసిన అంకె వేరు, వాడుకకు దక్కునది వేరు. అట్టి నీటిపై తిరుగు యంత్రపు పడవలోని బ్యాటరీకిని ఈ మాట చెల్లును.

పెట్టెపై 12 వోల్టులు, 100 ఆంపియరు గంటలు అని యుండును. 100 ఆంపియర్లను ఒక గంటసేపు ఇచ్చునని పలువురు తలచెదరు. కాని ప్రక్కనే చిన్న అక్షరములతో సి 20 అని యుండును. అనగా 20 గంటలపాటు ఎడతెగక 5 ఆంపియర్ల చొప్పున మెల్లగా తీసిననే ఆ 100 దక్కును. 20 ఆంపియర్లు లాగు మోటారును తగిలించితిమేని, భాగహారము ప్రకారము 5 గంటలు నడువవలెను. నిజమునకు సుమారు 4 గంటలకే నీరసించును. సీసపు పలకల సూక్ష్మ రంధ్రములలోనికి ఆమ్లము ఇంకుటకు వ్యవధి కావలెను. తొందరపెట్టినచో లోపలి శక్తి లోపలనే యుండిపోవును. ఈ తరుగుదలకు 1897లో జర్మను శాస్త్రజ్ఞుడు పాయికర్ట్ ఒక సూత్రము కట్టెను.

మేమును ఇంటి ఇన్వర్టరునకు బ్యాటరీ కొన్నప్పుడు ఈ పొరపాటే చేసితిమి. రెండింటిపైనను 150 అనియే యుండెను; చవుకదానిని తెచ్చితిమి. దానిది సి 20 కొలత, రెండవదానిది సి 10. పది గంటలలో ఖాళీ చేసినను 150 ఇచ్చునదే పెద్దది గదా! పరీక్షల దినములలో కరెంటు పోయిన రాత్రి, మా లెక్కకంటె ముందే దీపము ఆరిపోయినది.

ఇంట దీపమారినచో క్రొవ్వొత్తి యున్నది. నడినీటిలో యంత్రము కదలకున్న నేమి చేయుదుము? యంత్రమును ఒక్క ఊపున త్రిప్పు బ్యాటరీ వేరు, రాత్రియంతయు దీపములను మోయునది వేరు. మొదటిదానికి పలుచని పలకలు. పలుమార్లు అడుగంట వాడిన చెడును. దానిని సి.సి.ఎ. అను అంకెతో కొలుతురు. సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో 30 సెకనులపాటు ఎన్ని ఆంపియర్లు ఇయ్యగలదో అది తెలుపును. మన బళ్లారికి అట్టి చలి ఏ జన్మమునను రాదు! కావున దీపముల బ్యాటరీ కొనువారు ఆ పెద్ద అంకెను చూచి మురియనక్కరలేదు. కొన్నింటిపై నిమిషముల లెక్కయు నుండును: 120 నిమిషములనిన, 25 ఆంపియర్ల చొప్పున రెండు గంటలు, అనగా 50 ఆంపియరు గంటలు.

దీపములు, ఇతర పరికరములు కలిసి 3 ఆంపియర్లు లాగుననుకొందము. పది గంటలకు 30 ఆంపియరు గంటలు. సీసపు బ్యాటరీ దీర్ఘకాలము మన్నవలెనన్న సగమునకు మించి ఖాళీ చేయరాదు. కనుక 60 కావలెను. 40 కొన్నవాడు వెల మిగిల్చితినని సంతోషించి, త్వరలోనే మరల అంగడికి పోవును.

ఆ పెట్టెలపై వ్రాత తరచుగా ఆంగ్లముననే యుండును. ఇంట తెలుగును, అంగడిలో కన్నడమును మాటలాడు మన పెద్దలకు పిల్లలే చదివి చెప్పవలసివచ్చును. సొమ్ము చెల్లించుటకు ముందు అంకెను, దాని ప్రక్కనున్న గంటలను, తయారైన నెలను కలిపి చదువుడు. అంగడిలో ఊరక పడియున్న సీసపు బ్యాటరీ కూడ నెలనెలకును కొంత శక్తిని కోల్పోవుచునే యుండును.