బిళ్ల బ్యాటరీతో రెండేళ్లు ఎలా?

కారు రిమోట్లలో, కంప్యూటర్ మదర్‌బోర్డుల్లో ఉండే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ పేరులోనే కొలతలున్నాయి: వ్యాసం 20 మి.మీ., మందం 3.2 మి.మీ. వోల్టేజి 3 వోల్టులు. సామర్థ్యం సుమారు 225 మిల్లీ ఆంపియర్ అవర్. దీనితో నడిచే చిప్ ఆగకుండా 10 మిల్లీ ఆంపియర్లు లాగితే ఒక్కరోజు కూడా రాదు. సగటున 10 మైక్రో ఆంపియర్లకు దిగితే లెక్కప్రకారం రెండున్నరేళ్లు!

ఈ తేడాలో పెద్ద వాటా సాఫ్ట్‌వేర్‌దే. పని వచ్చిందా అని చిప్ పదేపదే చూసుకోవడం పోలింగ్. పని వచ్చినప్పుడే నిద్రలేపేది ఇంటరప్ట్, పొదుపు ఇందులోనే. చిప్ నిద్రపోయినా సమయం లెక్క తప్పకుండా చూసేది సాధారణంగా 32,768 హెర్ట్జ్ క్వార్ట్జ్ స్ఫటికం (అంటే 2 ఘాతం 15).

చిప్ మేలుకుని ఉన్నప్పుడూ పొదుపుకు దారుంది. చిప్‌లోని సీమాస్ సర్క్యూట్లలో డైనమిక్ పవర్ (స్విచింగ్‌లో ఖర్చయ్యేది) ఫ్రీక్వెన్సీకి, వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఫ్రీక్వెన్సీ మార్చకుండా వోల్టేజి సగం చేస్తే పవర్ నాలుగో వంతుకు పడిపోతుంది.