చిన్న కెమెరా: స్పష్టత కావాలా, తొందర కావాలా?

ద్వితీయ బి.ఏ. విద్యార్థిని, మారికుప్పం

పోయిన సంవత్సరం మా తాత పోయినప్పుడు పదకొండో రోజుకి గోడకు పెట్టడానికి 10×12 అంగుళాల ఫొటో ఒకటి కావలసి వచ్చింది. ఇంట్లో అందరం ఫోన్లు ముందేసుకుని కూర్చున్నాం. ఫొటోలకేమీ కొదవ లేదు. పెళ్లిళ్లు, పండగలు, ఊరికే ఆదివారం పూట తీసినవి, అన్నీ కలిపి తాత కనిపించేవి వంద పైనే ఉంటాయి. నాన్న వైపు వాళ్లు తమిళంలో, అమ్మ వైపు వాళ్లు తెలుగులో వాదించుకుని, చివరికి నాలుగు ఎంచి రాబర్ట్‌సన్‌పేటలో ఒక స్టూడియోకి నాతో పంపించారు.

స్టూడియో అన్న వాటిని కంప్యూటర్లో పెద్దది చేసి చూపించాడు. ఫోన్లో ఎంతో బాగున్న ముఖం అక్కడ తడిపిన మైదాపిండిలా ఉంది. కనుబొమలు లేవు, గడ్డం మీది తెల్ల వెంట్రుకలు లేవు. "ఇవి ఫోన్లో చూసుకునేదానికే సరిపోతాయమ్మా, ఒరిజినల్ ఏమన్నా ఉందా?" అన్నాడు. ఒరిజినల్ ఎక్కడుంటుంది? మెసేజ్‌లో వచ్చిందే మాకు ఒరిజినల్. తీసిన ఫోన్లు ఎప్పుడో పాడైపోయాయి.

అప్పుడు మా మామకి గుర్తొచ్చింది. 2009లో, బెంగళూరు రైల్లో రోజూ వెళ్లి వచ్చే ఉద్యోగం దొరికిన కొత్తలో, ఆయన ఒక చిన్న డిజిటల్ కెమెరా కొన్నాడు. చొక్కా జేబులో పట్టేంతది, పది మెగాపిక్సెళ్లు. దాని కార్డు ట్రంకు పెట్టెలో ఉంది. అందులో తాత మా ఇంటి అరుగు మీద కూర్చున్న ఫొటో ఒకటి దొరికింది. నాకప్పుడు నాలుగేళ్లు, ఏమీ గుర్తు లేదు. కానీ ఆ కెమెరా గురించి ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. బటన్ నొక్కాక అది ఆలోచించుకుని, ఆలోచించుకుని తీసేదట. తాత అరుగు మీంచి "ఒరే, ఇంకా కాలేదేమిరా, నా మెడ నొప్పి పుడతా ఉండాది" అన్నాడట. ఆ తిట్లు తిన్న ఫొటోనే ఇవాళ మా గోడ మీద ఉంది. మీసం ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టొచ్చు.

ఎందుకిలా అని నాకు పట్టుకుంది. చదివింది, ఆ పాత కెమెరాతో నేనే తీసి చూసుకుంది కలిపి ఇక్కడ రాస్తున్నాను. వచ్చే నెల మన డిపార్ట్‌మెంటు వాళ్లం ఆవని వెళ్తున్నాం కదా, దానికీ పనికొస్తుంది.

ముందు చిన్న లెక్క. కాగితం మీద దగ్గరగా చూసినా చుక్కలు కనబడకుండా ఉండాలంటే అంగుళానికి సుమారు 300 పిక్సెళ్లు కావాలంటారు. మామ కెమెరా ఫొటో 3648×2736. పొట్టి వైపు 2736ని 10 అంగుళాలకి పంచితే అంగుళానికి 273 వస్తాయి. చాలు. మెసేజ్‌లో వచ్చినది 1600×1200. పంపేటప్పుడే యాప్ దాన్ని కుదించేసింది, డేటా తక్కువ అవ్వాలి, తొందరగా వెళ్లాలి కదా. దాన్ని అదే కాగితానికి పరిస్తే అంగుళానికి 120. పైగా అది పదిమంది నిల్చున్న ఫొటో. అందులో తాత ముఖం వాటా నూట యాభై పిక్సెళ్లు కూడా లేదు. ఫోన్ మంచిదే, తీసినప్పుడు ఫొటో మంచిదే అయ్యుంటుంది. మాకు చేరేలోపు తరుగు పోయింది.

అయితే పిక్సెళ్లు ఎక్కువుంటే నాణ్యత ఎక్కువ అనుకుంటే అదీ పొరపాటే. నేనూ అలాగే అనుకునేదాన్ని. కొట్టువాళ్లు మనకి నేర్పింది అదొక్కటే.

అసలు సంగతి లెన్స్ వెనక ఉండే సెన్సర్ ఎంత పెద్దది అన్నది. పిక్సెల్ అంటే వెలుతురు పట్టే గిన్నె అనుకోండి. వాన పడేటప్పుడు వాకిట్లో గిన్నెలు పెడితే పెద్ద గిన్నెలో ఎక్కువ నీళ్లు పడతాయి. చిన్న గిన్నెల్లో నాలుగు చుక్కలే పడతాయి, అవి కూడా ఒక్కోదాంట్లో ఒక్కోలా. ఈ హెచ్చుతగ్గులే మసక వెలుతురులో తీసిన ఫొటోలో రవ్వలా కనిపించే మరకలు. పాత ఫిల్ము సైజు సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. మామ కెమెరా లాంటి మామూలు చిన్న కెమెరాల్లో ఉండేది సుమారు 6.2×4.6, అంటే 28 చదరపు మిల్లీమీటర్లు, మన చిటికెన వేలి గోరు కన్నా చిన్నది. ముప్ఫై రెట్లు తేడా! ఆ 28లోనే పది మెగాపిక్సెళ్ల బదులు ఇరవై ఇరికిస్తే గిన్నెలు సగమవుతాయి, వాన మాత్రం అంతే.

ఈ సైజులకి పెట్టిన పేర్లు ఇంకో తమాషా. "1 అంగుళం సెన్సర్" అని అమ్మేది నిజానికి 13.2×8.8 మిల్లీమీటర్లే. ఏ వైపు కొలిచినా అంగుళం రాదు. పాతకాలపు వీడియో కెమెరాల గాజు గొట్టాల బయటి కొలతతో పేరు పెట్టేవాళ్లు, గొట్టాలు పోయినా పేరు పోలేదు.

సెన్సర్ పెద్దది పెడితే సరిపోతుంది కదా అంటే, దానికి తగ్గ లెన్స్ కూడా పెద్దదవుతుంది, కెమెరా జేబులో పట్టదు. తయారుచేసేవాళ్లు ఏళ్లపాటు ఈ బేరమే ఆడారు. 2008లో సిగ్మా వాళ్లు డీపీ1 అని జేబు కెమెరాలో పెద్ద సెన్సర్ పెట్టి చూశారు. బొమ్మ అద్భుతం, కానీ జూమ్ లేదు, లెన్స్ ఎఫ్/4 కన్నా ఎక్కువ తెరుచుకోదు, ఒకటి తీశాక అది కార్డులోకి ఎక్కేదాకా ఓపిక పట్టాలి. 2012లో సోనీ ఆర్ఎక్స్100 వచ్చింది. ఆ 1 అంగుళం పేరున్న సెన్సర్, 240 గ్రాముల బరువు, ఎఫ్/1.8 లెన్స్. అటు పెద్దదీ కాదు, ఇటు మరీ చిన్నదీ కాదు, మధ్యస్తంగా రాజీ కుదిరింది. ధర మాత్రం రాజీ పడలేదు.

ఇక తొందర సంగతి. మొట్టమొదటి డిజిటల్ కెమెరాని 1975లో అమెరికాలో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేశాడు. 0.01 మెగాపిక్సెల్, నలుపు తెలుపు. ఒక్క బొమ్మ క్యాసెట్ టేపు మీదకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. మా తాత ఆ కెమెరా ముందు కూర్చుని ఉంటే ఏమనేవాడో రాయడం బాగుండదు.

మామ కెమెరాకి 23 సెకన్లు కాదుగానీ, బటన్ నొక్కడానికీ బొమ్మ పడడానికీ మధ్య అర సెకను దాకా పోతుంది. అర సెకను ఏ మూలకి అనిపిస్తుంది కదా? బంగారుపేట నుంచి మా ఊరికి వచ్చే రైలుతో చూశాను. కోరమాండల్, ఊరిగాం, చాంపియన్ దాటి మారికుప్పంలో లైను అయిపోతుంది. మా ఊరు దాటి రైలుకి దారి లేదు. దూరంగా నిలబడి, రైలు గంటకి 36 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుని లెక్క వేశాను. సెకనుకి 10 మీటర్లు. అర సెకనులో ఇంజను 5 మీటర్లు ముందుకొచ్చేస్తుంది. నేను ఇంజను ముఖం చూసి నొక్కితే నాకు పడింది మొదటి పెట్టె కిటికీలు. నాలుగు సార్లు తీస్తే నాలుగు సార్లూ కిటికీలే.

ఆ ఆలస్యం ఎక్కువగా ఫోకస్ దగ్గర జరుగుతుంది. ఆ తరం చిన్న కెమెరా లెన్సుని కొంచెం ముందుకీ కొంచెం వెనక్కీ జరిపి, అంచులు ఎక్కడ బాగా తేటగా ఉన్నాయో వెతుక్కుంటుంది. పాత రేడియోలో స్టేషన్ కోసం ముల్లు అటూ ఇటూ తిప్పినట్టు. వెలుతురు తక్కువైతే ఇంకా తడుముకుంటుంది. దీనికి మామ చెప్పిన ఉపాయం బటన్ సగం నొక్కి పట్టుకోవడం. సగం నొక్కితే ఫోకస్ ముందే అయిపోతుంది, సరైన క్షణంలో మిగతా సగం నొక్కాలి. పట్టాల పక్క స్తంభం మీద సగం నొక్కి ఉంచుకుని ఐదోసారి తీస్తే ఇంజను పడింది.

ఫోన్ ఈ తిప్పలేమీ లేకుండా తీసేస్తుంది. దాని సెన్సరూ చిన్నదే, కానీ లోపలి కంప్యూటర్ పెద్దది. మనం ఒకసారి నొక్కితే అది గబగబా చాలా బొమ్మలు తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒకదానిలో రవ్వ మరొకదానితో సరిచేసి, నున్నగా చేసి ఇస్తుంది. చీకట్లో కూడా బాగా వస్తుంది. కానీ రవ్వేదో వెంట్రుకేదో దానికి ప్రతిసారీ తెలియదు. ముడతలు, చీర నేత, రాయి గరుకు, ఇలాంటివన్నీ రవ్వతోపాటు తుడుచుకుపోతాయి. ముఖం మీద ముడతలు పోతే మనకి సంతోషమే అనుకోండి.

రాయి గరుకు పోతే మాత్రం మనకి కష్టం, ఎందుకంటే ఆవనిలో మనం చూడబోయేవి శాసనాలు. నోళంబుల కాలపు గుళ్లు, అరిగిన రాయి. గుణింతం కొమ్ము ఒక్కటి నున్నబడితే అది దీర్ఘమో హ్రస్వమో ఇంటికొచ్చాక ఎవరు చెప్తారు? 1905లో బి.ఎల్. రైస్ ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటంగా కోలార్ జిల్లా శాసనాలు అచ్చువేశాడు. శాసనాలకి నకలు తీసే పాత పద్ధతిలో తడి కాగితం రాతి మీద పరిచి, బ్రష్‌తో కొట్టి, పైన సిరా అద్దుతారు. అక్షరం దిగిన చోట తెల్లగా మిగులుతుంది. ఒక్క శాసనానికి ఎంతసేపు పడుతుందో ఊహించుకోండి. మనకి అంత ఓపిక లేకపోయినా ఒక్కో రాయికి ఐదు నిమిషాలైనా ఇవ్వాలి.

నేను కోలారమ్మ గుడి దగ్గర, తీయనిచ్చిన చోట, ప్రయత్నించి చూశాను. అక్కడ చోళుల నాటి తమిళ శాసనాలున్నాయి. నాన్న పుణ్యమా అని నాకు తమిళ అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు, కానీ వెయ్యేళ్ల నాటి రాత ముందు నేనూ ఒకటో తరగతే. నాకు తెలిసొచ్చింది ఇది. ఫ్లాష్ వేస్తే అక్షరాలు మాయమవుతాయి, వెలుతురు ఎదురుగా పడితే గాళ్లలో నీడ ఉండదు కాబట్టి. పొద్దున ఎండ పక్కనుంచి వాలుగా పడేటప్పుడు తీయాలి, లేదా ఒకరు టార్చి పక్కనుంచి పట్టుకోవాలి. జూమ్ లాగొద్దు, మీరే దగ్గరికి జరగండి. చాలా చిన్న కెమెరాల్లో జూమ్ పూర్తిగా లాగితే లెన్సులోకి వచ్చే వెలుతురు దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. ఐఎస్ఓ అన్నిటికన్నా తక్కువలో పెట్టి, కెమెరాని సంచి మీదో గట్టు మీదో ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టి చేయి తీసేయండి. రాయి ఎక్కడికీ పోదు, రైలులా కాదు. పక్కన ఒక స్కేలు పెడితే అక్షరం ఎంతదో తర్వాత తెలుస్తుంది. ఫోన్‌తో తీసినా పరవాలేదు, కానీ గ్రూపులో ఫొటోగా పంపకుండా ఫైలుగా పంపండి, లేకపోతే మా తాత ఫొటోకి పట్టిన గతే.

ఇంతా రాశాక ఒక సంగతి దాచడం న్యాయం కాదు. గోడ మీది ఫొటోలో తాత తాతలా లేడు. మెడ నొప్పెట్టేదాకా కూర్చోబెట్టారు కదా, ఆ చిరాకంతా ముఖంలో ఉంది. పెదవులు బిగించి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, గని ఆఫీసులో గుర్తింపు కార్డుకి కూర్చున్నట్టున్నాడు. కెమెరా ఆలస్యం ఫొటోలోకి కూడా వచ్చేసింది. తాత నవ్వుతున్న ఫొటో మా దగ్గర ఒక్కటే ఉంది. ఏదో పండగ రోజు వంటింటి గుమ్మంలో నిలబడి ఎవరినో వెక్కిరిస్తుంటే మా పిన్ని ఫోన్‌తో టక్కున తీసింది. చెయ్యి కదిలి మసకేసింది, కళ్లు సగం మూసుకున్నాయి. స్టూడియో అన్న చూడగానే పక్కన పడేసిన నాలుగింటిలో అదొకటి.

మా అవ్వకి అదే కావాలంది. మళ్లీ వెళ్లి 4×6లో వేయించుకొచ్చాను. లెక్క వేసి చూస్తే 1600 పిక్సెళ్లు 6 అంగుళాలకి, అంగుళానికి 266 పైనే. అంత చిన్న కాగితం మీద మసక కూడా అంతగా తెలియలేదు. అవ్వ దాన్ని దేవుడి గూట్లో పెట్టలేదు, గోడకీ పెట్టలేదు. పొయ్యి పక్క అలమరలో కాఫీపొడి డబ్బాకి ఆనించి పెట్టుకుంది. "గోడ మీద ఉండేది డ్యూటీకి పోయే మనిషి. ఇదీ మీ తాత" అంది.

మామ ఆ కెమెరా నాకే ఇచ్చేశాడు. బ్యాటరీ ఉబ్బిపోయింది, కొత్తది వెతకాలి. ఆవనికి వెళ్లేలోపు దొరికితే తెస్తాను. టార్చి మాత్రం ఎవరైనా తీసుకురండి.